నాన్న పాండా ఎక్కడ?

నమస్కారమండీ. పాండా వీడియోలు చూసి మీ పాప అడిగిన మూడు ప్రశ్నలూ చదివాను. నాన్న పాండా ఎక్కడ ఉంది, కవలలు పుడితే తల్లి ఒక్కదాన్నే ఎందుకు ఎత్తుకుంది, జూలో ఆడ, మగ పాండాలను వేరువేరు గదుల్లో ఎందుకు ఉంచుతారు అని. మీ మామగారు "జంతువులకు సంసారమేమిటి, ఎద వస్తే కలుస్తాయి, తర్వాత మరిచిపోతాయి" అన్నారనీ, మన విశాఖలో పాపకు చూపించదగ్గవి ఏమైనా ఉన్నాయా అనీ కూడా రాశారు. నేను ఈ ఊళ్లోనే చాలాకాలం జంతుశాస్త్రం బోధించాను. పిల్లలను వెంటబెట్టుకుని జూకీ, కొండకర్ల ఆవ అనే సరస్సుకీ, చేపల రేవుకీ తిరగడం నాకు పాఠం చెప్పడం కన్నా ఇష్టంగా ఉండేది. అందుకని కాస్త వివరంగానే రాస్తాను.

ముందు తండ్రి సంగతి. పాండాలు చైనాలోని సిచువాన్, షాన్షీ, గాన్సు కొండల మీది వెదురు అడవుల్లో ఒంటరిగా బతుకుతాయి. ఒకదాని జాడ ఇంకొకదానికి తెలిసేది ఎక్కువగా వాసనతోనే. తోక కింది గ్రంథి నుంచి వచ్చే జిగురును చెట్ల మొదళ్లకు రుద్దుతాయి. మగవి కొన్నిసార్లు ముందు కాళ్ల మీద తలకిందులుగా నిలబడి, చెట్టు మీద వీలైనంత ఎత్తున మూత్రంతో గుర్తు పెడతాయి. ఆడ పాండా ఏడాదికి ఒక్కసారి, వసంతంలో, ఎదకు వస్తుంది. అందులోనూ గర్భం నిలిచే వీలున్నది ఒకటి నుంచి మూడు రోజులే. ఆ రోజుల్లో చుట్టుపక్కల మగవి చేరి పోట్లాడుకుంటాయి. ఆడది చెట్టెక్కి కూర్చుంటే కింద కాపు కాస్తాయి. జత కట్టడం అయిపోయాక దేని దారి దానిదే. పిల్ల పుట్టిన సంగతి కూడా మగ పాండాకు తెలియదు.

దీన్ని బాధ్యత లేకపోవడం అని పాపకు చెప్పకండి. ఆ మగ పాండా ఉండిపోయిందే అనుకుందాం. అది చేయగలిగేది ఏమిటి? కూన మొదటి ఆరు నెలలూ దాదాపు తల్లిపాల మీదే పెరుగుతుంది. తండ్రి దగ్గర పాలు లేవు. తల్లికి కావలసిన వెదురు అడవి నిండా ఉంది, ఎవరూ మోసుకురానక్కరలేదు. పైగా వెదురులో సత్తువ తక్కువ. పాండా తిన్నదాంట్లో ఐదో వంతు కూడా ఒంటికి పట్టదు. అందుకే రోజులో సగం తింటూనే గడుపుతుంది. తండ్రి అక్కడే ఉంటే తల్లి మేసే చోట ఇంకో పెద్ద నోరు తయారవుతుంది, అంతే.

జంతువుల పిల్లల పెంపకంలో నేను ముందుగా చూసేది ఇదే. పిల్లకు కావలసింది ఒక్కరితో సమకూరుతుందా, ఇద్దరు కావాలా, మంద మొత్తం కావాలా? చాలావరకు బంధం దీన్ని బట్టే ఏర్పడుతుంది. ఈ ప్రశ్న పట్టుకుంటే మీ పాప ఏ జంతువు గురించి అడిగినా మీకు జవాబు వెతికే దారి దొరుకుతుంది.

ఇప్పుడు కవలల ప్రశ్న. అది పాపను బాధపెట్టి ఉంటుంది, కాబట్టి వివరంగా చెప్పాలి. పుట్టినప్పుడు పాండా కూన బరువు వంద గ్రాములు, అంటే ఒక సబ్బు బిళ్లంత. తల్లి బరువులో సుమారు తొమ్మిది వందల్లో ఒక వంతు. ఒళ్లంతా గులాబీ రంగు, పైన పలుచని తెల్లటి నూగు, కళ్లు మూసుకునే ఉంటాయి. తనంతట తాను ఒళ్లు వెచ్చగా ఉంచుకోలేదు. తల్లి నాలుకతో నాకితే తప్ప మలమూత్రాలు కూడా విసర్జించలేదు. దానికి ఉన్న బలమంతా గొంతులోనే. ఆ పిడికెడు ప్రాణి పెట్టే కేక విన్నవాళ్లు ఆశ్చర్యపోతారు. వంద కిలోల తల్లి దాన్ని ముందు కాలి పంజాలో ఎత్తి రొమ్ముకు ఆనించుకుంటుంది. మొదటి కొన్ని రోజులు తిండికీ నీళ్లకూ కూడా గుహ దాటి బయటకు రాదు. పడుకున్నా, ఒత్తిగిల్లినా కూన ఆ పంజాలోనే ఉండాలి. నల్ల మచ్చలు కనిపించడానికి ఒక వారం, కళ్లు తెరవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. ఏడాదిన్నర, రెండేళ్లు వచ్చేదాకా తల్లి వెంటే.

ఇలాంటివి రెండు పుడితే? రెండింటినీ ఒకేసారి పట్టుకుని, వెచ్చగా ఉంచి, వెదురు తిని చేసిన పాలతో ఇద్దరినీ నిలబెట్టడం అడవిలో ఆ తల్లి వల్ల అయ్యే పని కాదు. రెండింటి మీదా సమానంగా ప్రాణం పెడితే రెండూ పోయే ప్రమాదం ఉంది. అందుకని సాధారణంగా బలంగా ఉన్నదాన్ని ఎత్తుకుంటుంది. పాపకు చెప్పాల్సిన మంచి మాట ఇంకొకటి ఉంది. చైనాలోని చెంగ్దూ, వోలాంగ్ కేంద్రాల్లో ఇప్పుడు రెండో కూనను వదిలేయరు. ఒకటి తల్లి దగ్గర ఉంటే ఇంకొకటి ఇంక్యుబేటర్‌లో ఉంటుంది. కొంతసేపటికి తల్లికి తేనె నీళ్లో మరొకటో చూపించి, మెల్లగా ఒకదాన్ని తీసి రెండోదాన్ని ఇస్తారు. అలా వంతులవారీగా ఇద్దరికీ తల్లి పాలు, తల్లి ఒడి దొరుకుతాయి. ఈ పద్ధతి వచ్చాక కవలలు ఇద్దరూ బతకడం మామూలైంది. అడవులను కాపాడడం, ఇలాంటి శ్రద్ధ తోడై 2016లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం పాండాను అంతరించిపోతున్న జంతువుల వర్గం నుంచి ఒక మెట్టు తప్పించింది. చైనా నాలుగో గణనలో అడవిలో లెక్కకు వచ్చినవి 1,864. ఇప్పటికీ అది చిన్న సంఖ్యే.

పాండా కూడా ఎలుగుబంటి కుటుంబానిదే కనుక మన ఎలుగుబంటిని పక్కన పెట్టి చూడండి. ఉత్తరాంధ్ర కొండల్లో తిరిగే నల్ల ఎలుగుబంటి కూడా ఒంటరి తల్లే. మగది పిల్లల దగ్గర ఉండదు. గుహలో ఈని, రెండు మూడు నెలలు దాటాక కూనలను వీపు మీద ఎక్కించుకుని బయటకు వస్తుంది. మెడ వెనక దట్టంగా, పొడవుగా ఉండే జూలు పట్టుకుని కూనలు సవారీ చేస్తాయి. పిల్లలను ఇలా వీపున మోస్తూ తిప్పడం ఎలుగుబంటి జాతుల్లో దీనికే అలవాటు. పులో, వేరే ఎలుగుబంటో ఎదురైతే తల్లి పారిపోవడం కన్నా తిరగబడడమే ఎక్కువ. కూనలతో ఉన్న ఎలుగుబంటి మనిషి మీద పడడానికి కారణం ఇదే. శ్రీకాకుళం తోటల్లో ఈ సంగతి తెలియనివాళ్లు ఉండరు.

మూడో ప్రశ్న, విడదీసి ఉంచడం గురించి. పాండా సహజంగా ఒంటరిది కాబట్టి ఏడాదంతా ఒకే చోట ఉంచితే పోట్లాడుకుంటాయి, లేదా ఒకదాన్నొకటి పట్టించుకోవడం మానేస్తాయి. అందుకే ఎద సమయం దాకా పక్క పక్క ఆవరణల్లో ఉంచి, అప్పుడప్పుడు వాటి చోట్లు మారుస్తారు. దీని వాసన దానికి, దాని వాసన దీనికి అందుతుంది. కంచె ఇవతల నుంచి మేక పిల్ల అరుపులాంటి శబ్దాలు, పిచ్చుక కిచకిచల్లాంటి శబ్దాలు చేస్తూ పలకరించుకుంటాయి. ఇష్టం కుదిరిందని సంరక్షకులకు అనిపించినప్పుడే తలుపు తీస్తారు.

ఇక్కడ "ఇష్టం" అనే మాట ఊరికే వాడలేదు. జన్యుపరంగా ఏ జంట మంచిదో లెక్క వేసి, ఆ రెండింటినీ కలిపేయడం జూలలో మామూలు పద్ధతి. 2015లో వెలువడిన ఒక పరిశోధనలో ఒక్కో పాండాకు జోడీ కాగల రెండింటిని చూపించి, అది ఎటు మొగ్గుతుందో గమనించారు. ఒకదాన్నొకటి కోరుకున్న జంటల్లో కలయికలూ, పుట్టిన కూనలూ స్పష్టంగా ఎక్కువ. మనసుకు నచ్చని జోడీని ఎంత చక్కగా లెక్క వేసి కలిపినా ఫలితం అంతంత మాత్రమే. నాకు ఈ పరిశోధన ఎంతో విలువైనదిగా తోస్తుంది. పెంచేవాళ్లు జంతువు అభిప్రాయం కనుక్కోవాలని రుజువుతో చెప్పింది కదా.

హాంకాంగ్ ఓషన్ పార్కు జంట కథ పాపకు చెప్పండి. యింగ్ యింగ్, లె లె 2007 నుంచి అక్కడ ఉన్నాయి. ఏళ్ల తరబడి సంరక్షకులు ప్రయత్నించినా అవి జత కట్టలేదు. 2020 ఏప్రిల్‌లో, కరోనా వల్ల పార్కు మూసి సందర్శకులు లేనప్పుడు, తొలిసారి జత కట్టాయి. జనం లేకపోవడమే కారణమని తేల్చి చెప్పలేం, కానీ ఆ వార్త అందరినీ ఆలోచింపజేసింది. ఆ ఏడాది కూనలు పుట్టలేదు. చివరికి 2024 ఆగస్టు 15న యింగ్ యింగ్ కవలలను కన్నది, ఒక ఆడ, ఒక మగ. అప్పటికి దానికి 19 ఏళ్లు. తొలి కాన్పుకు పాండాల్లో అది చాలా పెద్ద వయసు.

మన దేశంలో ఏ జూలోనూ పెద్ద పాండా లేదు. డార్జిలింగ్ జూలో ఎర్ర పాండాలు ఉన్నాయి, అక్కడ వాటి సంతతిని పెంచుతున్నారు కూడా. కానీ పేరు ఒకటే తప్ప అది ఎలుగుబంటి కాదు. దాని కోసం అంత దూరం వెళ్లేలోపు మన ఊళ్లో చూడవలసినవి చాలా ఉన్నాయి.

మీ ఇంటి దగ్గరే మొదలుపెట్టండి. అపార్ట్‌మెంటు ఏసీ పెట్టె వెనక పావురాలు గూడు పెడతాయి కదా. సాధారణంగా రెండు గుడ్లు, పొదగడానికి 17, 18 రోజులు. ఉదయం పొద్దెక్కాక మగది వచ్చి కూర్చుంటుంది, సాయంత్రం దాకా దాని వంతు. ఆ తర్వాత రాత్రంతా, మళ్లీ పొద్దెక్కేదాకా ఆడది. వంతు మారేటప్పుడు చూడాలి. వచ్చిన పావురం గూడు అంచున నిలబడి మెల్లగా గుర్రుమంటుంది. లోపలిది వెంటనే లేవదు. వచ్చింది ముక్కుతో సుతారంగా తోస్తూ పక్కన సర్దుకుంటే అప్పుడు లేస్తుంది, గుడ్లు ఒక్క నిమిషం కూడా చల్లబడవు. పిల్లలు బయటకు వచ్చాక ఇంకా గొప్ప సంగతి. పెద్ద పావురాల గొంతు సంచి లోపలి పొర మందమై, పెరుగులాంటి పదార్థంగా ఊడి వస్తుంది. దాన్నే పావురం పాలు అంటారు. తల్లికీ తండ్రికీ ఇద్దరికీ వస్తాయి! పాలిచ్చే జంతువుల్లో పాలు పట్టించేది తల్లి ఒక్కటే, ఇక్కడ తండ్రి కూడా పడుతుంది. పిల్ల తన ముక్కును తండ్రి నోట్లో పెట్టి తాగుతుంది. అందువల్లే పావురాల జంట గట్టిది. ఇద్దరూ ఉంటే పిల్లలకు తిండి రెట్టింపు.

చేపల రేవులో ఇంకో తండ్రి కనిపిస్తుంది. ఫిషింగ్ హార్బర్‌కు వచ్చే జెల్ల చేపల్లో సముద్రపు జెల్లను చూడండి. ఆడది గుడ్లు పెట్టాక మగది వాటిని నోట్లోకి తీసుకుంటుంది. చేప గుడ్లు అంటే ఆవగింజల్లా ఉంటాయని అనుకుంటాం. ఇవి ఒక్కొక్కటి సెంటీమీటరుకు పైనే. అలాంటివి పదులకొద్దీ నోటి నిండా. వాటి నుంచి పిల్లలు వచ్చి, తమంతట తాము ఈదగలిగేదాకా, వారాల తరబడి, ఆ తండ్రి తిండి ముట్టదు. దవడ కింద ఉబ్బుగా కనిపిస్తున్న జెల్లను రేవులో ఆడవాళ్లు చూడగానే గుర్తు పడతారు. ఒకరు దాని నోరు తెరిచి నా విద్యార్థులకు చూపించారు. లోపల బంగారు రంగు గుడ్లు, ఒక్కొక్కదానిలో నల్లటి కంటి చుక్కలు. వల కుదుపుకు అలాంటి చేప గుడ్లన్నీ కక్కేస్తుంది. ఆ కాలంలో వాటిని పట్టడం వల్ల జెల్లలు తగ్గిపోతాయని తెలిసి కూడా ఆగని వేట నాకు బాధగానే ఉంటుంది.

వానాకాలంలో అచ్యుతాపురం పక్కన కొండకర్ల ఆవకు వెళ్లండి. తాటి మొద్దులు జోడించిన దోనెలో తామరాకుల మధ్యకు తీసుకెళ్తారు. ఆ ఆకుల మీద పొడుగాటి వేళ్లతో నడిచే పిట్ట జకానా. దీంట్లో ఆడది పెద్దది, పోట్లాడి తన చోటు కాపాడుకునేది అదే. ఒక్కో మగదానికి నాలుగేసి గుడ్లు పెట్టి ఇంకో మగదాని దగ్గరికి వెళ్తుంది. పొదగడం, పిల్లలను తిప్పడం అంతా తండ్రి పని. ప్రమాదం వస్తే పిల్లలను రెక్కల కింద ఇరికించుకుని నడుస్తుంది. చూసేవాళ్లకు ఒక పిట్టకు పది కాళ్లు వేలాడుతున్నట్టు కనిపిస్తుంది. ఈ పిల్లలు పుట్టగానే పరుగెత్తి తమ పురుగులు తామే ఏరుకుంటాయి. నోట్లో పెట్టాల్సిన పని లేదు, కాపలా ఉంటే చాలు. అందుకే ఒక్క తండ్రి సరిపోతుంది, తల్లి మళ్లీ గుడ్లు పెట్టగలుగుతుంది.

ఆనందపురం వైపు ఈత చెట్లకు వేలాడే గిజిగాడి గూళ్లు కూడా ఆ రోజుల్లోనే. మగది గూడు సగం అల్లి ఆగుతుంది. ఆడది వచ్చి లోపలికి దూరి చూసి, నచ్చితేనే మిగతా సగం పూర్తవుతుంది. గుడ్లు పెట్టాక మగది ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడదాన్ని పిలుస్తుంది. కొత్త ఇల్లు కట్టి ఇవ్వడమే అది చేసే సాయం.

దీనికి పూర్తిగా అటు చివర తూర్పు కనుమల కొమ్ము పిట్ట ఉంది. ఆడది చెట్టు తొర్రలోకి వెళ్లి, రెట్ట, మట్టి, పండ్ల గుజ్జుతో లోపలి నుంచే వాకిలి మూసుకుంటుంది. సన్నని చీలిక మాత్రం వదులుతుంది. లోపల దాని రెక్కల ఈకలు రాలిపోతాయి, ఎగరలేదు. వారాల తరబడి తండ్రి తెచ్చే మర్రి, రావి పండ్లే తల్లికీ పిల్లలకూ ఆహారం. ఆ మగపిట్టను ఎవరైనా కొడితే తొర్రలో ఉన్న కుటుంబమంతా ఆకలితో పోయే ప్రమాదం ఉంది. మీ మామగారికి ఈ పిట్ట గురించి చెప్పండి. క్రౌంచ మిథునంలో ఒకటి నేలకూలితే రెండోది పడిన శోకం నుంచే శ్లోకం పుట్టిందని నమ్మే నేల మనది. జంతువులకు బంధం లేదని మన పెద్దలెప్పుడూ అనలేదు.

అయితే జంటగా ఉన్నవన్నీ పతివ్రతలు, ఏకపత్నీవ్రతులు అని కూడా పాపకు చెప్పవద్దు. పక్షుల్లో దాదాపు తొంభై శాతం జాతులు జంటగా పిల్లలను పెంచుతాయి. కానీ డీఎన్ఏ పరీక్షలు వచ్చాక, చాలా జాతుల గూళ్లలో వేరే మగవాటి పిల్లలు కూడా ఉన్నాయని తేలింది. పాలిచ్చే జంతువుల్లో జంటగా బతికేవి ఇంకా తక్కువ. 2013లో సుమారు 2,500 జాతులను పరిశీలించిన ఒక అధ్యయనం తొమ్మిది శాతం అని చెప్పింది. గర్భం, పాలు రెండూ తల్లి ఒంట్లోనే ఉంటే తండ్రికి పని మిగలదు కదా. ఆ కొద్దిపాటి జాతుల్లో ప్రెయిరీ వోల్ అనే అమెరికా చిట్టెలుక ఒకటి. ఆక్సిటోసిన్, వాసోప్రెసిన్ అనే హార్మోన్లే దాని జంట ప్రేమకు మూలమని చాలాకాలం అనుకున్నారు. 2023లో ఆక్సిటోసిన్‌ను అందుకునే గ్రాహకం లేకుండా పుట్టించిన వోల్‌లు కూడా జంట కట్టి, పిల్లలను పెంచాయి. కాబట్టి "ప్రేమ హార్మోన్" అంటూ ఒక్క రసాయనానికి అంతా అప్పగించే వీడియోలను నేను నమ్మను.

పిల్లల పెంపకానికి తల్లిదండ్రులు ఇద్దరూ సరిపోని జంతువులు మన జూలోనే ఉన్నాయి. కంబాలకొండ పక్కన 1977లో తెరిచిన ఇందిరా గాంధీ జంతు ప్రదర్శనశాల అడవి కుక్కల సంతతిని పెంచే కేంద్రం కూడా. వీటినే రేచుకుక్కలు అంటారు. మందలో సాధారణంగా ఒక జంటే పిల్లలను కంటుంది. మిగిలినవి వేటాడి తిన్న మాంసాన్ని బొరియ దగ్గరికి వచ్చి కక్కి, తల్లికీ పిల్లలకూ పెడతాయి. పిల్లలు వేట దగ్గరికి రాగల ఈడు వచ్చాక, పెద్దవి పక్కకు తప్పుకుని ముందు వాటిని తిననిస్తాయి. అన్నలు, అక్కలు, బాబాయిలు, పిన్నులు అందరూ పెంచే ఇల్లది. ఆవరణ ముందు పది నిమిషాలు కదలకుండా నిలబడితే, అవి ఈల వేసినట్టు ఒకదాన్నొకటి పిలుచుకోవడం పాప వినవచ్చు.

తల్లి ముఖం కూడా చూడని పిల్లలను చూపించాలంటే బీచ్‌కు తీసుకెళ్లండి. జనవరి నుంచి వేసవి మొదలయ్యేదాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రిపూట మన తీరానికి వచ్చి, ఇసుకలో గొయ్యి తీసి వందకు అటూ ఇటూగా గుడ్లు పెట్టి, పూడ్చి సముద్రంలోకి వెళ్లిపోతాయి. మళ్లీ వెనక్కి చూడవు. గుడ్డులోని సొన, ఇసుక వేడి, ఇవి రెండే ఆ పిల్లలకు తల్లీ తండ్రీ. వేడి ఎక్కువైతే ఆడవి, తక్కువైతే మగవి పుడతాయి. అటవీ శాఖ వాళ్లు జోడుగుళ్లపాలెం, సాగర్‌నగర్ లాంటి చోట్ల గుడ్లను కుక్కలు తవ్వకుండా కంచె లోపలికి చేర్చి, 45 నుంచి 60 రోజుల్లో పొదిగిన పిల్లలను సముద్రంలోకి వదులుతారు. పొద్దున్నే వదిలే రోజు కనుక్కుని వెళ్లండి. చేత్తో పట్టుకోవద్దు, ఫోను లైటు వేయవద్దు. అవి వెలుతురును బట్టే సముద్రం దిక్కు పోల్చుకుంటాయి.

జూకు సోమవారం సెలవు, మిగతా రోజుల్లో పొద్దున తెరిచిన వెంటనే వెళ్తే జంతువులు చురుగ్గా ఉంటాయి. కొండకర్లలో దోనె నడిపేవారికి జకానా గూడు కనిపించినా దగ్గరికి పోనివ్వవద్దని ముందే చెప్పండి. ఏసీ వెనక పావురాల గూడును మాత్రం పాపను కిటికీ అద్దం ఇవతల నుంచే చూడమనండి. ఎండిన రెట్ట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పిల్లలు ఎగిరిపోయాక, మూతికి గుడ్డ కట్టుకుని, నీళ్లు చల్లి తడిపి శుభ్రం చేయండి.